నాన్నగారి క్యాసెట్లు, మేనల్లుడి ఏఐ

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. మా నాన్నగారు పోయి నాలుగేళ్లయింది. ఆయన చేసింది గుమస్తా ఉద్యోగం, ప్రాణం మాత్రం పద్యనాటకం. చుట్టుపక్కల ఊళ్లలో కృష్ణుడి వేషం కట్టేవారు, ఇంట్లో హార్మోనియం ముందేసుకుని పాడేవారు. ఆయనవి, కొనుక్కున్నవి కలిపి నలభై దాకా క్యాసెట్లు ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. బెంగళూరులో ఉన్న మా మేనల్లుడు, "తాతయ్య గొంతు క్లియర్‌గా ఉన్నది పది నిమిషాలు పంపించు మామయ్యా, ఏఐతో కొత్త పద్యం పాడిస్తాను, అమ్మమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ ఇద్దాం" అంటున్నాడు. ఒక క్యాసెట్లో పద్యం మధ్యలో చిన్న రైలు కూత వినిపిస్తుంది, అది కూడా తీసేస్తానన్నాడు. మా ఆవిడేమో ఆ పెట్టె పారేయమంటోంది. నా పిల్లలు ఒడియా మీడియం, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. ఇదంతా ఎవరి కోసం అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

తమ్ముడూ,

ముందు ఆ రైలు కూత సంగతి. ఉత్తరం మొత్తంలో నా ప్రాణం ఝల్లుమన్నది అక్కడే. దాన్ని ముట్టుకోవద్దని మేనల్లుడికి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. నౌపడా నుంచి మీ ఊరికి చిన్న రైలు (నేరో గేజ్ బండి) నడవడం మొదలైంది 1900లో, ఆపేసింది 2004లో. ఇప్పుడు మీ స్టేషన్‌కి వచ్చేది పెద్ద లైను బండి, దాని హారన్ వేరు. నాన్నగారు క్యాసెట్ మీద తారీఖు వేసి ఉండరు, ఆ తరంలో ఎవరూ వేయలేదు (అప్పు ఇచ్చిన పది రూపాయలకి మాత్రం తారీఖుతో సహా లెక్క రాసుకునేవారు). కానీ ఆ కూత ఉంది కాబట్టి అది 2004కి ముందు పాడిందని, రైలు వినిపించేంత దగ్గర్లో కూర్చుని పాడారని తెలుస్తోంది. పైగా కూత వచ్చినప్పుడు ఆయన ఆగారా, రాగం ఇంకాస్త సాగదీసి బండి వెళ్లిపోయాక అందుకున్నారా, ఒకసారి మళ్లీ వినండి. నాటకాల్లో పాడిన మనిషి గోలలో పాడటం అలవాటైన మనిషి. ఆయన పనితనం అలాంటి చోటే బయటపడుతుంది.

మీ ఆవిడ మాటలో సగం నిజం ఉంది, ఆవిణ్ణి తప్పుపట్టకండి. ఆ నలభైలో చాలావాటికి మీరు ఒక్క నిమిషం కూడా ఖర్చు పెట్టక్కర్లేదు. ఘంటసాల గారివి, సుశీల గారివి సినిమా పాటలు మీ టేపులో కంటే శుభ్రంగా ఫోన్లోనే దొరుకుతాయి. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడి పద్యాలు కూడా వెతికితే దొరుకుతున్నాయి. వాటిని మళ్లీ ఎక్కించడానికి రాత్రుళ్లు మేలుకోవడం దండగ. విశాఖ రేడియోలో నాటకాలు వస్తుంటే పట్టుకున్నవి ఉంటే మాత్రం పక్కన పెట్టండి, అలాంటివి అందరి దగ్గరా ఉండవు.

కానీ లేబుల్ చూసి పారేయకండి. చాలా ఇళ్లలో బోల్తా పడేది ఇక్కడే. క్యాసెట్‌లో రీలు బయటికి కనిపించే అంచు ఉంటుంది కదా, దానికి ఎదురుగా ఉండే అంచు చూడండి. రెండు చివర్లా రెండు చిన్న గుంటలుంటాయి. ఖాళీ క్యాసెట్లకి వాటి మీద ప్లాస్టిక్ పలుకు అడ్డంగా ఉంటుంది, కంపెనీ పాటల క్యాసెట్లకి ఆ పలుకు లేకుండా వదిలేస్తారు, ఎవరూ దాని మీద రికార్డు చేయకుండా. సినిమా పాటల క్యాసెట్‌కి ఆ గుంటల మీద సెల్లోటేపు అంటించి ఉన్నా, మడిచిన కాగితం కుక్కి ఉన్నా, ఎవరో దాని మీద మళ్లీ రికార్డు చేశారన్న మాట. ఖాళీ క్యాసెట్ కొనడానికి డబ్బులు లెక్క చూసుకున్న రోజుల్లో ఇది అందరూ చేసిన పనే. పైన హీరో బొమ్మ, లోపల మీ నాన్నగారు. అలాంటివి ముందు వరసలో పెట్టండి. అంటించిన సెల్లోటేపు పీకేయండి, ఇంట్లో రికార్డు చేసిన మిగతావాటికి ఆ పలుకులు విరిచేయండి. ప్లే నొక్కబోయి పక్కనున్న ఎర్ర మీట కూడా నొక్కేస్తే, ఉన్నదాని మీద మీ ఇంట్లో మిక్సీ చప్పుడు రికార్డవుతుంది.

తర్వాత క్యాసెట్‌ని వెలుతురుకి పట్టుకుని మధ్యలో కిటికీలోంచి రీలు చుట్ట చూడండి. గోధుమరంగు చుట్ట మీద తెల్లగా మచ్చలుంటే అది బూజు, మన తేమకి పట్టకుండా ఉండదు. దాన్ని అలాగే ప్లేయర్‌లో పెడితే బూజు హెడ్‌కి (ప్లేయర్‌లో రీలుని చదివే భాగానికి) అంటి, దాని తర్వాత పెట్టే క్యాసెట్‌కీ పాకుతుంది. వాటిని విడిగా కవర్లో కట్టి తెలిసిన మనిషికి ఇవ్వండి. బాగున్నవాటిని ఆ చివరి దాకా ఒకసారి, మళ్లీ ఈ చివరి దాకా ఒకసారి తిప్పాకే ప్లే నొక్కండి, ఏళ్ల తరబడి కదలని రీలు సమంగా చుట్టుకుంటుంది. ప్లేయర్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడవండి. తుప్పు రంగు పొడి వస్తుంది, కంగారు పడకండి, అది పాత రీళ్ల నుంచి రాలిన పూతే. దూది తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఆరాక మొదలెట్టండి. మూడు నాలుగు క్యాసెట్లకి ఒకసారి ఇలా చేస్తే చాలు.

ఇంకొక సంగతి. మీ ఇంట్లో హార్మోనియం ఇంకా ఉందా? ఉత్తరంలో రాయలేదు. ఉంటే మీ అంత అదృష్టవంతులు లేరు. పాత టేప్ రికార్డర్లలో రబ్బరు బెల్టు సాగిపోతుంది, రీలు నిదానంగా తిరుగుతుంది, గొంతు బరువెక్కుతుంది. నాన్న గొంతు ఇలా ఉండేది కాదే అనిపిస్తుంది, కానీ ఎంత తేడా ఉందో చెప్పలేం. హార్మోనియం రీడు మాత్రం అంత తొందరగా శ్రుతి మారదు. టేపులో ఆయన హార్మోనియం పట్టిన శ్రుతి వినండి, అదే రీడు ఇంట్లో నొక్కండి. ఆయన ఐదు శ్రుతిలో పాడేవారని అమ్మకి గుర్తుండి, టేపులో అది నాలుగున్నరకి, అంటే పక్కనున్న ఒక్క మెట్టు కిందికి పలుకుతోందంటే, రీలు దాదాపు 6 శాతం నిదానంగా తిరుగుతోందన్న మాట. కంప్యూటర్‌లో వేగం ఆ మేరకు పెంచితే గొంతు దాని చోటికి అది వచ్చేస్తుంది. ఇది మేనల్లుడికి అప్పగించండి, ఇష్టంగా చేస్తాడు. శబ్దం మరీ మూసుకుపోయినట్టు, దుప్పట్లోంచి వస్తున్నట్టు ఉంటే బెల్టు తప్పు కాదు, హెడ్ పక్కనున్న చిన్న స్క్రూ తేడా. దాన్ని ప్లే అవుతుండగా కొద్ది కొద్దిగా తిప్పుతూ పోతే ఒకచోట స, ష అక్షరాలు టక్కున తేటపడతాయి. చేయి తిరగనివాళ్లు చేయకండి, మెకానిక్‌తో చేయించండి.

కంప్యూటర్‌లోకి ఎక్కించడం పెద్ద విద్యేం కాదు. టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక వైరు, ల్యాప్‌టాప్‌కి చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. వాల్యూమ్ సగానికి పెట్టండి, ఎర్ర గీతలు తగలకూడదు, ముఖ్యంగా నాన్నగారు పై స్థాయి అందుకునే చోట. ఎంపీ3గా కాకుండా ముందు వేవ్ ఫైల్‌గా (శబ్దాన్ని కుదించకుండా ఉంచే ఫైల్‌గా) దాచండి. మోనోలో గంటకి 300 ఎంబీ దాకా అవుతుంది, నలభై గంటలున్నా 12 జీబీయే, ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. గంట క్యాసెట్ ఎక్కాలంటే గంటా పడుతుంది, దీనికి అడ్డదారి లేదు, వెతక్కండి. పెన్‌డ్రైవ్ ఒక్కటే నమ్ముకోకుండా ఇంకో హార్డ్‌డిస్క్‌లో, మేనల్లుడి దగ్గర కూడా పెట్టండి. వాట్సాప్‌లో పంపితే మాత్రం ఆడియోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి.

ఇప్పుడు అసలు సంగతి, ఏఐ పద్యం.

నాకు ఇష్టం లేదు. ఎందుకో చెప్తాను, ఏఐ అంటే పడక మాత్రం కాదు, అదే ఏఐతో మీ మేనల్లుడు చేయాల్సిన మంచి పని ఒకటి ఉంది కూడా. 2023లో బీటిల్స్ అనే నలుగురి ఇంగ్లిష్ పాటల బృందం వాళ్ల ఆఖరి పాట అని ఒకటి విడుదలైంది. ఆ నలుగురిలో ఒకరైన జాన్ లెనన్ 1970ల చివర్లో ఇంట్లో పియానో దగ్గర కూర్చుని మామూలు క్యాసెట్‌లో పాడుకున్న పాట అది. 1980లో ఆయన్ని చంపేశారు. 1995లో మిగిలిన ముగ్గురూ ఆ టేపుతో తంటాలు పడ్డారు గానీ పియానో గొంతు మీద పడిపోవడం, వెనక కరెంటు హోరు, ఇవి వదిలించలేక పక్కన పెట్టేశారు. చాలా ఏళ్లకి వచ్చిన సాఫ్ట్‌వేర్ గొంతుని ఒక పక్కకి, పియానోని ఒక పక్కకి విడదీసింది. అంతే చేసింది. ఆయన పాడని అక్షరం ఒక్కటి కూడా అందులో పుట్టించలేదు. మీ టేపులో హార్మోనియం మోతకి పద్యం వినపడని చోట మేనల్లుణ్ణి ఇదే చేయమనండి, ఇప్పుడు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లే ఈ పని బాగా చేస్తున్నాయి. అసలు ఫైల్ మాత్రం అలాగే ఉండాలి, కూతతో సహా.

లేని పద్యం పాడించడం వేరే సంగతి. 2024లో రెహమాన్ గారు ఒక తమిళ పాటకి, చనిపోయిన ఇద్దరు గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతుల్ని ఏఐతో పాడించారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, డబ్బు కూడా ఇచ్చామని చెప్పారు. అదే ఏడాది మన బాలు గారి గొంతుని ఒక తెలుగు సినిమాలో తమని అడక్కుండా వాడారని ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపింది. రెండు చోట్లా గొడవ ఒకటే, ఎవర్ని అడగాలి అని. మీ ఇంట్లో అడగాల్సిన మనిషి ఎవరు? మీ అమ్మగారు. మీవాడు సర్‌ప్రైజ్ ఇద్దామంటున్నది కూడా ఆవిడకే. అడగాల్సిన మనిషికి చెప్పకుండా దాచడమే ఈ ప్లాన్‌లో ముఖ్యమైన భాగం అయినప్పుడు, ప్లాన్‌లోనే తేడా ఉంది.

ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆవిడ ఎన్నో ఏళ్లు ఆ గొంతు పక్కనే కాపురం చేశారు. ఏ సమాసం మధ్య ఆయన ఊపిరి తీస్తారో, ఏ రాగంలో జలుబు చేసినా గొంతు లేస్తుందో ఆవిడకి తెలుసు. కేకు కోశాక స్పీకర్‌లో ఆ పద్యం మొదలైందనుకోండి. మీరంతా ఆవిడ ముఖం చూస్తుంటారు. ఆవిడ కాసేపు విని, "ఇది ఎప్పుడు పాడేరు? నాకు తెలీకుండా ఎవరింట్లో పాడేరు?" అంటే ఏం చెప్తారు? మిషను పాడిందని చెప్తే ఒక బాధ, చెప్పకపోతే ఇంకో బాధ. ఎనభయ్యేళ్ల మనిషికి పుట్టినరోజు నాడు అంత టెన్షన్ అవసరమా?

పద్యం సంగతీ చూడండి. పీసపాటి వారికి అంత పేరు రావడానికి ఒక కారణం, రాగం కోసం మాటని చంపకుండా, పద్యంలో ప్రతి మాటా వినేవాడికి తగిలేలా చెప్పడం. మన శ్రీకాకుళం, విజయనగరం, మీ పర్లాకిమిడి వైపు కృష్ణుడి వేషం కట్టినవాళ్లలో ఆయన్ని వినకుండా ఆ వేషం కట్టినవాళ్లు తక్కువ. మీ నాన్నగారు ఆయన నుంచి ఏం పట్టుకున్నారు, ఏం వదిలేశారు, ఏ పద్యానికి ముందు వరసలోంచి వన్స్‌మోర్ అంటే రెండోసారి ఎలా మార్చి పాడారు, ఇవన్నీ ఆయన తీసుకున్న నిర్ణయాలు. పది నిమిషాల నమూనాతో మిషను గొంతు రంగు దింపగలదు, బాగానే దింపుతోంది ఈమధ్య. ఆ నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు? బెంగళూరులో మీ మేనల్లుడు, ఒక్కసారి కూడా తెల్లవార్లూ నాటకం చూడని పిల్లాడు.

నాకు అన్నిటికంటే భయం వేసేది ఆ ఫైల్‌ని మిగతావాటితో కలిపి భద్రపరచడం దగ్గర. ఇవాళ ఆ ఫైల్ ఏఐదని మీ అందరికీ తెలుసు. పాతికేళ్లు పోయాక మీ పిల్లల పిల్లలు ఆ ఫోల్డర్ తెరుస్తారు. మిగతా ఫైళ్లన్నీ తాతయ్యవి, ఒకటి మిషనుది, అదే అన్నిటికంటే శుభ్రంగా ఉంటుంది కాబట్టి అందరూ దాన్నే వింటారు, దాన్నే పంచుకుంటారు. నోట్ల కట్టలో ఒక్క దొంగనోటు పడితే కట్ట మొత్తం లెక్కపెట్టుకోవాల్సి వచ్చినట్టు, తర్వాత అసలువాటి మీదా అనుమానం వస్తుంది. ఒకవేళ అమ్మని అడిగి, ఆవిడ సరదాపడి సరేనంటే కాదనడానికి నేనెవర్ని, చేయండి. ఆ ఫైల్ పేరులోనే ఇది మిషను పాడింది అని, చేసినవాడి పేరు, సంవత్సరం ఉండాలి. వేరే ఫోల్డర్‌లో ఉండాలి. ఫ్యామిలీ గ్రూప్ దాటకూడదు.

పుట్టినరోజుకి మరేం చేయాలంటారా? నన్నడిగితే పుట్టినరోజు దాకా ఆగనే వద్దు. ఆ పెట్టెలో ఏముందో తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరే మిగిలారు. ఒక క్యాసెట్ పెట్టి, అమ్మని పక్కన కూర్చోబెట్టి, మీ ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి ఊరుకోండి. ప్రశ్నలు ఎక్కువ వేయకండి. వెనక తబలా ఎవరు కొట్టారు, ఆ దగ్గు ఎవరిది, ఎవరు "బాబూ, ఆ పద్యం మళ్లీ" అన్నారు, ఆ రోజు ఇంట్లో ఏం వండారు, ఆవిడే చెప్తారు. విసుక్కుంటే ఆపేయండి, మర్నాడు మళ్లీ కూర్చోండి. కొన్ని క్యాసెట్లు వినలేనంటారేమో, బలవంతపెట్టకండి. నాన్నగారి పద్యాలు ఎంత ముఖ్యమో వాటి మీద అమ్మ చెప్పిన ఈ మాటలు అంతే ముఖ్యం, టేపు ఇంకో పదేళ్లు ఆగినా ఆగుతుంది. పుట్టినరోజు నాడు మేనల్లుడు వేగం సరిచేసి, హార్మోనియం మోత తగ్గించిన అసలు పద్యం ఒకటి వినిపించనివ్వండి. వాడి ఉత్సాహం చల్లార్చకండి, తాతయ్య గొంతు కోసం బెంగళూరులో కూర్చుని ఆలోచిస్తున్న పిల్లలు ఎంతమంది ఉన్నారు?

ఇక పిల్లల మాట. ఫైళ్ల పేర్లు తెలుగులో రాసి వాళ్లు చదవడం లేదని బాధపడేకంటే, ఒడియా లిపిలోనే రాయండి. తెలుగు పద్యం మొదటి పాదం ఒడియా అక్షరాల్లో, కింద తెలుగులో. ఎవరో ఏదో అంటారని జంకకండి. గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా పనిచేసిన ఊరు మీది, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పాఠాలు తయారుచేసిన మనిషి ఆయన. పిల్లలకి ఏది అందితే దాంతోనే మొదలెట్టాలని మీ ఊరికి నేను చెప్పక్కర్లేదు. ఆ పెట్టెలో ప్రహ్లాద నాటకం రికార్డింగ్ ఏదైనా ఉందేమో కూడా చూడండి. మా గంజాం వైపు ఊళ్లలో మెట్ల మెట్ల అరుగు మీద తెల్లవార్లూ ఆడే ఒడియా నాటకం అది, అందులో వినిపించేవి చాలావరకు కర్ణాటక రాగాలే. మీ పిల్లలకి ముందు అది వినిపించి, తర్వాత తాతయ్య పద్యం పెడితే, ఇది మనకి తెలిసిన రాగమే అని వాళ్లే అంటారు. అనకపోయినా నష్టం లేదు, పద్నాలుగేళ్లకి నచ్చనిది నలభై ఏళ్లకి నచ్చుతుంది, అప్పటికి ఫైల్ ఉంటే చాలు.

బెల్టు మార్చే మెకానిక్ మీ ఊళ్లో దొరక్కపోతే బరంపురం తీసుకురండి, పాత రేడియోలు బాగుచేసేవాళ్లని అడిగి చూద్దాం. హార్మోనియం మోసుకురాకండి. ఆయన శ్రుతి పట్టే రీడు ఏదో అమ్మని అడిగి, అదొక్కటి అర నిమిషం నొక్కిపట్టి ఫోన్లో రికార్డు చేసి తెండి.